ఏ సరుకుకు ఆ ముఠా: అమెరికా మద్యనిషేధంలో దొంగ వ్యాపారం లెక్కలు

అమెరికా కొలతలో ఒక పీపా బీరు అంటే 31 గ్యాలన్లు, సుమారు 117 లీటర్లు. కర్ర పీపాతో కలిపి తూస్తే 150 కిలోలు దాటుతుంది. నాలుగు శాతం బీరు అనుకుంటే అందులో ఉన్న అసలు ఆల్కహాల్ నాలుగున్నర లీటర్ల పైచిలుకు. యాభై శాతం ఘాటున్న విస్కీ అయితే అంతే ఆల్కహాల్ పన్నెండు సీసాల పెట్టెలో ఇమిడిపోతుంది. ఆ పెట్టెను ఒక మనిషి భుజాన వేసుకుని మేడ మెట్లెక్కగలడు. పీపాను కదపాలంటే ఇద్దరు మనుషులు, ఒక లారీ, లారీ వెళ్లే దారి, ఆ దారిలో కళ్లు మూసుకునే పోలీసులు కావాలి.

1920 నుంచి 1933 దాకా నడిచిన ఈ నిషేధం గురించి మాట్లాడితే తుపాకులు, టోపీలు, షికాగో ముఠా నాయకుడు అల్ కపోన్ ముందుకొస్తారు. ఈ తూకం తేడా మాత్రం పక్కకు పోతుంది. ఒక ఊళ్లో నడివీధిలో కాల్పులు జరిగితే, మరో ఊళ్లో అదే వ్యాపారం రబ్బరు స్టాంపులతో ప్రశాంతంగా ఎందుకు సాగిందో తెలియాలంటే ముందు ఎవరు ఏ సరుకు అమ్మారో చూడాలి.

చట్టం దేన్ని వదిలేసింది

రాజ్యాంగ 18వ సవరణకు 1919 జనవరి 16న కావలసినన్ని రాష్ట్రాల ఆమోదం దొరికింది. సరిగ్గా ఏడాది తర్వాత, 1920 జనవరి 17న నిషేధం అమల్లోకి వచ్చింది. అమలు వివరాలు రాసినది వోల్‌స్టెడ్ చట్టం. అధ్యక్షుడు విల్సన్ దాన్ని తిప్పి పంపితే, కాంగ్రెస్ 1919 అక్టోబర్ 28న ఆ అభ్యంతరాన్ని తోసేసి నెగ్గించుకుంది. అర శాతం గానీ అంతకు మించి గానీ ఆల్కహాల్ ఉన్న ఏ పానీయమైనా మత్తు పానీయమే అని అందులో రాశారు. చేయడం, అమ్మడం, రవాణా, దిగుమతి, ఎగుమతి నేరాలు. తాగడం నేరం కాదు. నిషేధం రాకముందే కొని ఇంట్లో దాచుకున్న సీసాల జోలికి ఎవరూ రాకూడదు. డబ్బున్నవాళ్లు 1919లో నేలమాళిగలు నింపుకున్నది అందుకే.

మినహాయింపులే అసలు కథ. డాక్టరు చీటీ రాస్తే మందుల షాపులో విస్కీ దొరికేది. ఒక్కో రోగికి పది రోజులకు ఒక పైంటు, అంటే అర లీటరుకు కాస్త తక్కువ. చర్చిలో, యూదుల పూజల్లో వాడే ద్రాక్ష సారాకు, అంటే వైన్‌కు, అనుమతి ఉంది. ఇంట్లో పండ్లరసం నిల్వ చేసుకోవచ్చు; అది దానంతటదే పులిస్తే, మత్తెక్కించేదని నిరూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. రంగులు, అత్తర్లు, వార్నిష్‌లు చేసే పరిశ్రమలకు ఆల్కహాల్ ఎప్పటిలాగే అందాలి. మరి బీరు? మందుగా బీరు రాయించుకునే దారిని 1921 నవంబర్‌లో మరో చట్టం మూసేసింది.

అంటే విస్కీకి కాగితం దారి ఉంది. ద్రాక్ష సారాకు గుడి దారి ఉంది. స్పిరిట్‌కు ఫ్యాక్టరీ దారి ఉంది. బీరుకు మిగిలింది వీధి దారి ఒక్కటే.

కాగితం మీద నడిచిన విస్కీ

నిషేధం మొదలయ్యేనాటికి ప్రభుత్వ తాళం కింద ఉన్న గోదాముల్లో కోట్ల గ్యాలన్ల విస్కీ పీపాల్లో ఉంది. అది యజమానులదే, కానీ అమ్ముకోలేరు. పర్మిట్ ఉన్న మందుల కంపెనీకి మాత్రం బయటకు తీసి ఇవ్వవచ్చు. జార్జ్ రీమస్ ఈ సందును కనిపెట్టాడు. మొదట మందుల షాపు నడిపినవాడు, తర్వాత షికాగోలో క్రిమినల్ లాయరు. తాను వాదించే దొంగసారా కేసుల్లో ముద్దాయిలు నోట్ల కట్టలు తీసి అక్కడికక్కడే జరిమానా కట్టడం చూసి వోల్‌స్టెడ్ చట్టాన్ని ముందేసుకుని చదివాడు. సిన్సినాటికి మకాం మార్చాడు. దేశంలో ఉన్న పాత విస్కీలో పెద్ద భాగం ఆ చుట్టుపక్కల గోదాముల్లోనే ఉంది మరి.

అతని పద్ధతి మూడు అంచెలు. మొదట, మూతపడ్డ డిస్టిలరీలను కొంటాడు. వాటితోపాటు గోదాముల్లోని విస్కీ రసీదులు వస్తాయి. రెండు, ఒహాయో నదికి అవతల కోవింగ్టన్‌లో కెంటకీ డ్రగ్ కంపెనీ లాంటి సొంత మందుల కంపెనీ పేరు మీద పర్మిట్లు తీస్తాడు. మూడు, గోదాము నుంచి కంపెనీకి చట్టబద్ధంగా బయల్దేరిన లారీని దారిలో తన మనుషులతోనే ‘దోపిడీ’ చేయిస్తాడు. సరుకు డెత్ వ్యాలీ అని పిలిచే తన పొలానికి చేరుతుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెతకు ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇక్కడ కావలసింది వీధి మీద పట్టు కాదు, పర్మిట్ మీద సంతకం. కాబట్టి లంచం పైస్థాయికి పోయింది. అటార్నీ జనరల్ హ్యారీ డాహర్టీకి కుడిభుజంగా తిరిగిన జెస్ స్మిత్‌కు పర్మిట్ల కోసం, కేసుల నుంచి రక్షణ కోసం డబ్బు ముట్టజెప్పానని రీమస్ తర్వాత బయటపెట్టాడు. స్మిత్ 1923 మే 30న తుపాకీ గుండుతో చనిపోయాడు. అంత డబ్బు తిన్నా రక్షణ అందలేదు. 1922లో రీమస్‌కు రెండేళ్ల శిక్ష పడింది.

ఈ పద్ధతికి సహజమైన గడువు కూడా ఉంది. పీపాలోని విస్కీ కొత్తగా పుట్టదు, తరిగిపోతుంది. సెయింట్ లూయిస్‌లో జాక్ డేనియల్స్ గోదాము నుంచి 1923లో గొట్టాలతో విస్కీ తోడేసి పీపాల్లో నీళ్లు నింపినవాళ్లకు పట్టుబడటం తప్పలేదు, ఎందుకంటే కొలత అధికారి వచ్చి ఘాటు చూస్తే లెక్క తేలిపోతుంది. 1922 నాటికే ప్రభుత్వం చెల్లాచెదురుగా ఉన్న సరుకునంతా కొద్ది గోదాముల్లోకి చేర్చే చట్టం చేసింది. అక్కడితో కాగితం దారి సన్నబడింది.

సముద్రం మీద మూడు మైళ్లు, పన్నెండు మైళ్లు

మంచి విస్కీ కావాలంటే ఇక విదేశమే గతి. బహామాస్‌లోని నాసావ్, కెనడా పక్కన ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న సెయింట్ పియర్ దీవి పెద్ద గోదాములయ్యాయి. ఓడలు న్యూయార్క్, న్యూజెర్సీ తీరాలకు మూడు మైళ్ల అవతల లంగరు వేసేవి. అమెరికా జలాలు అక్కడితో ఆఖరు. ఈ వరుసకే రమ్ రో అని పేరు. తీరం నుంచి చిన్న పడవలు వచ్చి, ధర అడిగి, డబ్బిచ్చి, సరుకు దించుకుపోయేవి.

ఇక్కడ బిల్ మెకాయ్ అనే స్మగ్లర్ చేసిన చిన్న మార్పు చూడదగ్గది. కర్ర పెట్టెలు చోటు మింగేస్తాయి, పడవలో పగులుతాయి, చప్పుడు చేస్తాయి. అతను ఆరు సీసాలను గడ్డి చుట్టి, అడుగున మూడు, వాటిపైన రెండు, ఆపైన ఒకటి పేర్చి గోనెసంచిలో బిగించి కుట్టించాడు. దీన్ని ‘హ్యామ్’ అనేవాళ్లు. అదే ఓడలో ఎక్కువ సరుకు పట్టింది. చేతి నుంచి చేతికి విసరొచ్చు. తనిఖీ పడవ వస్తే నీళ్లలో పడేస్తే మునిగిపోతుంది. కొందరు సంచికి ఒక తేలే వస్తువును, దాన్ని ముంచి ఉంచేంత ఉప్పు మూటను కలిపి కట్టేవాళ్లు. ఉప్పు కరిగేసరికి కోస్ట్ గార్డ్ వెళ్లిపోయి ఉంటుంది, సరుకు పైకి తేలుతుంది.

రమ్ రోలో అసలు భయం పోలీసు కాదు, దొంగ. నగదు, సరుకు రెండూ ఉన్న ఓడ చట్టం లేని నీళ్లలో నిలబడి ఉంటే దోచుకోవడానికి వచ్చేవాడు రాకుండా ఉంటాడా. అయినా తొలి ఏళ్లలో ఇది చిన్న వ్యాపారుల సంతే. చేపల వేటగాళ్లు కూడా ఒక రాత్రి తెడ్డేసి నెల జీతం సంపాదించారు.

దాన్ని మార్చింది 1924లో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం. ఓడ గంటలో తీరం చేరగలిగే దూరం దాకా తనిఖీ చేయొచ్చన్నారు. వాడుకలో అది సుమారు పన్నెండు మైళ్లు. నౌకాదళం దగ్గరి పాత డిస్ట్రాయర్లు 20కి పైగా కోస్ట్ గార్డ్‌కు వచ్చాయి, వాటితోపాటు 200 దాకా కొత్త గస్తీ పడవలు. కాగితం మీద చూస్తే గొప్ప విజయం. మూడు మైళ్లు తెడ్డుతో వెళ్లేవాడు పన్నెండు మైళ్లు వెళ్లలేడు. వెళ్లగలిగేవాడు మొదటి ప్రపంచయుద్ధంలో మిగిలిపోయిన 400 హార్స్‌పవర్ల లిబర్టీ విమాన ఇంజన్లు పడవకు బిగించుకోగలవాడు, ఒడ్డున రేడియో స్టేషన్ నడపగలవాడు, రెండు పడవలు పోయినా మూడోదానితో లాభం తీయగలవాడు. గస్తీ గట్టిపడినకొద్దీ చిన్నవాళ్లు తప్పుకుని సిండికేట్లు, అంటే పెద్ద ముఠాల కూటములు, మిగిలాయి. రేడియోలో రహస్య సంకేతాలు మొదలయ్యాయి. వాటిని విప్పడానికి కోస్ట్ గార్డ్ ఎలిజబెత్ ఫ్రీడ్‌మన్ అనే నిపుణురాలిని పెట్టుకుంది. 1933లో న్యూ ఆర్లియన్స్ కోర్టులో పెద్ద స్మగ్లింగ్ సంస్థకు వ్యతిరేకంగా ఆమె సాక్ష్యం చెప్పింది.

డెట్రాయిట్ దగ్గర దూరం ఇంకా తక్కువ. నది వెడల్పు కొన్ని చోట్ల మైలు కూడా లేదు. అవతలి ఒడ్డున కెనడాలో విస్కీ చేయడం, ఎగుమతి చేయడం చట్టబద్ధమే, 1930 దాకా అమెరికాకు సైతం. క్యూబా వెళ్తున్నానని కాగితాలు రాయించుకున్న తెడ్డు పడవ గంటలో తిరిగొచ్చి మళ్లీ ‘క్యూబా’కు బయల్దేరేది. చలికాలంలో నది గడ్డకడితే కార్లే నడిచేవి. మంచు విరిగితే దూకడానికి వీలుగా తలుపులు తెరిచి ఉంచి నడిపేవారు. ఇంత తేలికైన చోట ఎవరికీ గుత్తాధిపత్యం సాధ్యం కాదు. అందుకే డెట్రాయిట్‌లో పేరు మోసిన పర్పుల్ గ్యాంగ్ ఎదిగింది సరుకు తెచ్చి కాదు, తెచ్చినవాళ్లను దారికాచి దోచి.

విషం కలిపిన స్పిరిట్

1920ల మధ్యకల్లా అమెరికాలో తాగిన ఘాటు సరుకులో పెద్ద వాటా పరిశ్రమల ఆల్కహాల్. 1906 నుంచే పరిశ్రమల స్పిరిట్‌కు పన్ను లేదు, కాకపోతే తాగడానికి పనికిరాకుండా ఏదో ఒకటి కలపాలి. ముఠాలు అత్తర్ల కంపెనీ, జుట్టు నూనెల కంపెనీ పేరుతో స్పిరిట్ తీసుకునేవి. అత్తరు కొన్నట్టు బిల్లులు, అమ్మినట్టు ఖాతాలు, ఖాళీ గోదాము. ఫిలడెల్ఫియాలో మాక్స్ హాఫ్ ఈ దారిలోనే పెద్దవాడయ్యాడు. మళ్లీ కాగితం పని, కాగితం లంచం.

ఆ తర్వాత రసాయన శాస్త్రం పని. కలిపిన చెడును తీసేయాలి. వాసన, చేదు తీయడం కష్టం కాదు. కలిపినది మిథనాల్, అంటే కట్టె స్పిరిట్, అయితే కష్టం. మిథనాల్ 64.7 డిగ్రీల దగ్గర మరుగుతుంది, తాగే ఇథనాల్ 78.4 దగ్గర. తేడా ఉంది కదా, మొదట వచ్చింది పారబోస్తే సరి అనిపిస్తుంది. మామూలు బట్టీలో ఆ రెండూ కలిసే ఆవిరవుతాయి. చివరి చుక్క దాకా కొంత మిథనాల్ వస్తూనే ఉంటుంది. ఎత్తైన స్తంభం లాంటి బట్టీ, ఓపిక, తెలిసిన కెమిస్టు ఉన్నవాళ్లే విడదీయగలిగారు. మిగతావాళ్లు అలాగే అమ్మేశారు.

ఇది తెలిసే ప్రభుత్వం 1927 మొదట్లో మిథనాల్ మోతాదు రెట్టింపు చేసిన సూత్రాన్ని తెచ్చింది. అంతకుముందు 1926 క్రిస్మస్ రోజుల్లోనే న్యూయార్క్ ఆసుపత్రులు విషసారా బాధితులతో నిండాయి. నగర శవపరీక్షల అధికారి చార్లెస్ నోరిస్, ఆయన దగ్గర పనిచేసిన విషపదార్థాల నిపుణుడు అలెగ్జాండర్ గెట్లర్ ఒక్కో సీసాను పరీక్షించి లెక్కలు బయటపెట్టారు. ప్రభుత్వం తెలిసి తెలిసి విషం పెడుతోందని నోరిస్ బహిరంగంగా నిందించాడు. చట్టం మీరి తాగినవాడి చావు వాడి చేజేతులా తెచ్చుకున్నదే అన్నది నిషేధవాదుల జవాబు.

మిథనాల్ చంపే తీరు మోసపూరితం. తాగిన వెంటనే మామూలు మత్తే. శరీరం దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా, ఆపైన ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల తర్వాత కడుపునొప్పి, కళ్ల ముందు మంచు కమ్మినట్టుండటం, కంటి నరం దెబ్బతిని చూపు పోవడం. అగ్గిపుల్ల గీసి నీలిమంట వస్తే మంచి సరుకు అన్న పరీక్ష అక్కడా ఉంది, మన గుడుంబా దగ్గరా ఉంది. మిథనాల్ కూడా లేత నీలిమంటతోనే మండుతుంది కాబట్టి ఆ పరీక్షతో తేలేది ఏమీ లేదు. ధాన్యం, పంచదార ఊట నుంచి తీసిన సారాలో మిథనాల్ పుట్టేది స్వల్పం. మూకుమ్మడి చావుల వెనక ఉండేది దాదాపు ఎప్పుడూ బయటి నుంచి కలిపిన పరిశ్రమల సరుకే.

1930లో మరో విషాదం పూర్తిగా తనిఖీ నిబంధన నుంచే పుట్టింది. జమైకా జింజర్ అనే శొంఠి టానిక్‌లో ఆల్కహాల్ 70 శాతం పైనే. తాగుడుకు వాడకుండా అందులో శొంఠి సారం దండిగా ఉండాలన్నారు. ఇన్‌స్పెక్టర్ సీసాలోని ద్రవాన్ని ఆవిరి చేసి అడుగున మిగిలిన ముద్దను తూచేవాడు. ముద్ద బరువు సరిపోతే చాలు. కాబట్టి శొంఠి తగ్గించి, ఆవిరి కాని, రుచి లేని ఏదైనా కలిపితే పరీక్ష గట్టెక్కుతుంది. బోస్టన్‌లోని ఇద్దరు వ్యాపారులు ఎంచుకున్నది ప్లాస్టిక్ పరిశ్రమలో వాడే ట్రై ఆర్థో క్రెసిల్ ఫాస్ఫేట్. అది నరాలను తినేసింది. వేలాదిమందికి, అందులో ఎక్కువ బీదవాళ్లకు, కాళ్లు పడిపోయాయి. పాదం ఎత్తి టపటపా వేసే ఆ నడకకు జేక్ లెగ్ అన్న పేరు మిగిలింది.

ఇంటి బట్టీలు, మొక్కజొన్న పంచదార

స్పిరిట్ దొరకనివాళ్లు కాచుకున్నారు. షికాగో లిటిల్ ఇటలీలో జెన్నా సోదరులు ఇంటింటికీ చిన్న బట్టీ ఇచ్చి, కాచినందుకు రోజుకు 15 డాలర్లు కట్టేవారు. ఫ్యాక్టరీలో కూలికి అంత వచ్చేది కాదు. ఒక బట్టీ పేలినా, పట్టుబడినా పోయేది ఒక వంటిల్లు మాత్రమే. జెన్నాల చేతిలో ఉన్నది సేకరణ, అమ్మకం. అంటే ఉత్పత్తిని చెదరగొట్టి, రాబడిని ఒకచోట పోగేశారు.

ముడిసరుకు లెక్కే ఈ పరిశ్రమను పట్టిచ్చింది. మొక్కజొన్న పంచదార ఉత్పత్తి 1921 నుంచి 1929 మధ్య దాదాపు ఆరింతలైంది. జనం అంతలా తీపి తినడం మొదలుపెట్టలేదు. తెలుగు రాష్ట్రాల ఎక్సైజ్ శాఖ నల్లబెల్లం అమ్మకాల మీద, పటిక మీద కన్నేసి ఉంచేది ఈ లెక్కతోనే. బట్టీ చిట్టడవిలో ఉండొచ్చు, బెల్లం మాత్రం బజారు గుండానే పోవాలి. అమెరికాలో పంచదార అమ్మకాన్ని కట్టడి చేసే ధైర్యం ఎవరికీ రాలేదు.

అమ్మకం దగ్గర కల్తీ. ఒక సీసా అసలు సరుకుకు నీళ్లు, స్పిరిట్, మాడ్చిన పంచదార రంగు కలిపితే మూడు సీసాలు. స్కాచ్‌కు ఉండే పొగ వాసన కోసం క్రియోసోట్ అనే తారు నూనె చుక్క. జిన్ ఇంకా తేలిక: స్పిరిట్, నీళ్లు, జూనిపర్ నూనె, గొంతులో మెత్తగా దిగడానికి గ్లిజరిన్. దానికి పాతబెట్టే అవసరం లేదు. నిషేధకాలంలో జిన్ తెగ పెరగడానికి రుచి కారణం కాదు, గడియారం కారణం.

బీరు, షికాగో

బీరు దగ్గర లెక్కంతా తలకిందులు. తయారీకి రాగి కడాయిలు, చల్లబరిచే యంత్రాలు, పెద్ద పీపాలు, నీళ్లు, వారాల సమయం కావాలి. వాసన వీధి వీధంతా కొడుతుంది. న్యూయార్క్‌లో ఓనీ మాడెన్ బీరు ఫ్యాక్టరీ మన్‌హటన్ నడిబొడ్డున, టెన్త్ అవెన్యూ మీద ఉండేది. దాన్ని ‘కనిపెట్టని’ పోలీసు ఉద్యోగం చేయలేడు. పైగా బీరు దాచిపెడితే పులిసి పాడవుతుంది. తాగుడు ఇళ్లకు వారం వారం, అదే దారిలో, అదే లారీలో చేరాలి.

ముసుగు కూడా చట్టమే ఇచ్చింది. అర శాతం లోపు ఉన్న ‘నియర్ బీర్’ చేయడానికి లైసెన్సులు దొరికేవి. దాన్ని చేయాలంటే ముందు మామూలు బీరు చేసి, తర్వాత ఆల్కహాల్ తీసేయాలి. కాబట్టి లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీ గోలేల్లో అసలు బీరు ఉండటం నేరం కాదు; గేటు దాటితే నేరం. రాత్రిపూట కొన్ని లారీలు ఆల్కహాల్ తీయని అసలు బీరుతోనే గేటు దాటేవి. లేదంటే నియర్ బీరు పీపాకు రంధ్రం చేసి స్పిరిట్ ఎక్కించేవాళ్లు. దాని పేరు నీడిల్ బీర్. అంత మంచి రుచేమీ కాదు.

ముఠా నాయకుడు జానీ టోరియో షికాగోలో చేసింది ఈ పరిమితులన్నిటినీ అర్థం చేసుకోవడం. 1920 మే 11న అతని యజమాని కొలసిమో హత్యకు గురయ్యాడు. వ్యాపారం టోరియో చేతికొచ్చింది. జోసెఫ్ స్టెన్సన్ అనే పాత బీరు వ్యాపారితో కలిసి మూతపడ్డ ఫ్యాక్టరీలు నడిపాడు. ముఠాలను కూర్చోబెట్టి నగరాన్ని పంచాడు: ఎవరి పేటలో వాళ్లే అమ్మాలి, పక్క పేటలోకి పీపా దొర్లకూడదు, సరుకు తన దగ్గర కొనాలి. పీపా తయారీకి అయిదు డాలర్ల చుట్టుపక్కల ఖర్చు, సలూన్‌కు 50 డాలర్ల పైన ధర. నురగ పోను పీపాకు 300 గ్లాసులు, గ్లాసు పావు డాలరు వేసుకున్నా సలూన్ వాడికీ మిగులుతుంది. మధ్యలో మిగిలిన నలభై అయిదులోంచే పోలీసులు, జడ్జీలు, వార్డు నాయకులు, లారీ డ్రైవర్లు.

తెలుగువాళ్లకు ఈ పటం కొత్తది కాదు. సారా వేలంపాటల కాలంలో పాట పాడుకున్నవాడి హద్దులోకి మరొకడి ప్యాకెట్ వస్తే కాంట్రాక్టరు మనుషులే చూసుకునేవాళ్లు. తేడా ఏమిటంటే మన దగ్గర హద్దు గీసింది కలెక్టరు, షికాగోలో గీసింది టోరియో. కలెక్టరు గీసిన హద్దు తప్పితే కోర్టుకు వెళ్లొచ్చు.

టోరియో హద్దులను కాపాడింది మామూళ్లు తిన్న పోలీసు వ్యవస్థ. ఎవరు తప్పినా వాడి లారీలను పోలీసులే పట్టుకునేవారు. 1923లో విలియం డీవర్ మేయరయ్యాడు. నిజాయితీపరుడు. బీరు ఫ్యాక్టరీలు, సలూన్లు మూయించాడు. దాంతో ఒప్పందం అమలు చేసే చెయ్యి మాయమైంది. ఇక ఎవరి హద్దు ఎవరు దాటినా అడిగేవాడు లేడు. వాటా దక్కని సౌత్ సైడ్ ఓడానెల్ సోదరులు టోరియో సలూన్లలోకి చొరబడి తమ బీరు కొనమని బెదిరించారు. 1923 సెప్టెంబర్ నుంచి బీరు యుద్ధం మొదలైంది. అవినీతిపరుడైన మేయర్ కింద తక్కువ రక్తం, నిజాయితీపరుడి కింద ఎక్కువ రక్తం. మింగుడుపడని లెక్కే, కానీ తేదీలు అలాగే ఉన్నాయి. నగరంలో దారి మూసుకుపోతే టోరియో మనుషులు పక్కనే ఉన్న సిసిరో పట్టణానికి మారి, 1924 ఏప్రిల్ ఎన్నికల్లో తుపాకులతో పోలింగ్ జరిపించి ఊరినే చేతిలో పెట్టుకున్నారు.

ఆ తర్వాతిదంతా గొలుసు. నార్త్ సైడ్ నాయకుడు డీన్ ఒబానియన్, సీబెన్ బీరు ఫ్యాక్టరీలో తన వాటాను టోరియోకు అయిదు లక్షల డాలర్లకు అమ్మాడు. 1924 మే 19న, టోరియో అక్కడున్నప్పుడే పోలీసు దాడి జరిగింది. దాడి సంగతి ఒబానియన్‌కు ముందే తెలుసు. తనకు మొదటి కేసు, టోరియోకు రెండోది, అంటే జైలే. నవంబర్ 10న ఒబానియన్‌ను అతని పూల కొట్లోనే చంపారు. 1925 జనవరి 24న టోరియో మీద కాల్పులు జరిగాయి. బతికి బయటపడి, శిక్ష అనుభవించి, వ్యాపారాన్ని తన అనుచరుడు కపోన్‌కు అప్పగించి తప్పుకున్నాడు. 1929 ఫిబ్రవరి 14న నార్త్ సైడ్ ముఠా వాడుకునే క్లార్క్ స్ట్రీట్ గ్యారేజీలో ఏడుగురిని గోడకు నిలబెట్టి 70 గుళ్లు పేల్చడం దాకా ఇదే తగువు. కోర్టుకు వెళ్లలేని ఒప్పందం, దాచలేని సరుకు, కదపలేని హద్దు. ఈ మూడూ ఒకచోట చేరిన వ్యాపారం బీరు ఒక్కటే.

మన దగ్గర 1995 జనవరి నుంచి 1997 దాకా సంపూర్ణ మద్యనిషేధం నడిచినప్పుడు పొరుగు రాష్ట్రాల నుంచి, యానాం నుంచి దొంగతనంగా వచ్చింది ప్రధానంగా బ్రాందీ, విస్కీ సీసాలు, ఊళ్లలో గుడుంబా. బస్సు సీటు కింద ఇమిడే సరుకు. బీరు పీపాల మీద బతికే షికాగో తరహా ముఠా ఇక్కడ పుట్టకపోవడానికి పోలీసు సమర్థతను మెచ్చుకోనక్కర్లేదు.

దాడులు, కోర్టులు, చివరికి ఖాతా పుస్తకం

పది కోట్ల పైచిలుకు జనాభాకు మొదట్లో నిషేధ ఏజెంట్లు దాదాపు 1,500 మంది. జీతం తక్కువ, నియామకం రాజకీయ సిఫారసు మీద. 1927 దాకా పరీక్ష కూడా లేదు. మొదటి నేరానికి గరిష్ఠ శిక్ష వెయ్యి డాలర్లు, ఆరు నెలలు. ఫెడరల్ కోర్టులు కేసులతో మునిగిపోయి, నేరం ఒప్పుకుంటే చిన్న జరిమానాతో వదిలేస్తామని ‘బేరం రోజులు’ పెట్టాయి. జరిమానా ఖర్చు పద్దులో చేరిపోయింది. 1929లో జోన్స్ చట్టం శిక్షను అయిదేళ్లకు, పది వేల డాలర్లకు పెంచింది. న్యూయార్క్ రాష్ట్రమైతే 1923లోనే సొంత అమలు చట్టాన్ని రద్దు చేసుకుని తప్పుకుంది.

దాడిలో పీపా పగలగొడితే పోయేది అయిదు డాలర్ల సరుకు. కాబట్టి నిషేధ ఏజెంట్ ఎలియట్ నెస్ బృందం ఫ్యాక్టరీల మీద పడి యంత్రాలు, లారీలు స్వాధీనం చేసుకోవడం కపోన్‌కు నొప్పి కలిగించింది నిజమే, కానీ అతన్ని జైలుకు పంపలేదు. దారి చూపింది 1927లో సుప్రీంకోర్టు ఇచ్చిన సలివన్ తీర్పు: అక్రమ సంపాదనకూ ఆదాయపన్ను వర్తిస్తుంది, రిటర్ను వేయకపోతే నేరం. ఈ అస్త్రాన్ని ముందుకు తెచ్చినవారిలో అసిస్టెంట్ అటార్నీ జనరల్ మేబెల్ వాకర్ విల్‌బ్రాండ్ట్ ఒకరు.

కపోన్ పేర బ్యాంకు ఖాతా లేదు, ఆస్తి లేదు. పన్ను శాఖ అధికారి ఫ్రాంక్ విల్సన్ రెండు వైపుల నుంచి వచ్చాడు. ఒకటి, ఖర్చు: హోటల్ బిల్లులు, ఫర్నిచర్, ఫ్లోరిడా ఇల్లు. రెండు, రాబడి: సిసిరో జూదం ఇంట్లో పట్టుబడిన పాత ఖాతా పుస్తకం. అందులోని చేతిరాత లెస్లీ షమ్‌వే అనే క్యాషియర్‌ది; అతన్ని వెతికి పట్టుకుని సాక్షిగా నిలబెట్టారు. దీనికి తోడు కపోన్ తరఫు పన్ను లాయరు రాజీ కోసం స్వయంగా రాసిచ్చిన ఉత్తరం: 1928, 1929 ఆదాయం ఏడాదికి లక్ష డాలర్లకు మించదని. తక్కువ చూపించబోయి ఆదాయం ఉందని ఒప్పుకున్నట్టయింది. విచారణ రోజున జడ్జి విల్కర్సన్ జ్యూరీ మొత్తాన్ని పక్క కోర్టు జ్యూరీతో మార్చేశాడు, కపోన్ మనుషులు లంచంతో కొనుక్కున్న జ్యూరీ దండగైంది. 1931 అక్టోబర్ 24న 11 ఏళ్లు, 50 వేల డాలర్ల జరిమానా పడ్డాయి. ఆ కేసులో ఒక్క బీరు పీపా కూడా సాక్ష్యం కాదు.

షికాగోలో బీరు ఆగలేదు. దాన్ని ఆపింది 1933 ఏప్రిల్ 7. ఆ రోజు నుంచి 3.2 శాతం బీరు చట్టబద్ధం. విస్కీ కోసం డిసెంబర్ 5 దాకా, 36వ రాష్ట్రంగా యూటా 21వ సవరణను ఆమోదించేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఎనిమిది నెలల్లో మొదట చితికింది బీరు ముఠాలే, ఎందుకంటే లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీ లారీతో ధరలో ఎవరూ పోటీపడలేరు. న్యూజెర్సీ బీరు రాజు వాక్సీ గోర్డన్‌కు అదే డిసెంబర్‌లో పన్ను ఎగవేత కేసులోనే పదేళ్లు పడింది. జూదం, యూనియన్లు, వడ్డీ వ్యాపారంలోకి మళ్లినవాళ్లు మిగిలారు. కొండల్లో కాచే మూన్‌షైన్ మాత్రం ఆగలేదు. అక్కడ పోటీ నిషేధంతో కాదు, గ్యాలన్ మీద పన్నుతో. ఇక టోరియో న్యూయార్క్‌లో లైసెన్సు ఉన్న హోల్‌సేల్ మద్యం కంపెనీలో డబ్బు పెట్టి చట్టబద్ధంగా విస్కీ అమ్మాడు. 1939లో అతనూ జైలుకు వెళ్లాడు. ఆదాయపన్ను కేసులోనే.